నొప్పి మాత్ర వదలనప్పుడు: ఓపియాయిడ్ అలవాటు, డీటాక్స్, చికిత్సపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు కుటుంబాలు పదే పదే అడిగే ప్రశ్నలివి. బేతంచర్ల పాలిష్ యూనిట్లో రాళ్లు మోసే మనిషి, హైవే మీద రాత్రంతా లారీ తోలే డ్రైవరు, మగ్గం గుంటలో పొద్దంతా కూర్చునే నేతన్న: నడుము నొప్పికని ఒక స్ట్రిప్పుతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి అది లేనిదే పొద్దున లేవలేని స్థితికి వచ్చినవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం రాసింది. ఇందులో మందుల మోతాదులు ఉన్నాయి. అవి డాక్టరు ఏం చేస్తున్నారో మీకు అర్థం కావడానికే, ఇంట్లో మీరే మొదలుపెట్టడానికి కాదు.

ఓపియాయిడ్ అంటే ఏవేవి?

నల్లమందు కుటుంబం. నల్లమందు, అందులోంచి తీసే మార్ఫిన్, కోడీన్, మార్ఫిన్ నుంచి చేసే హెరాయిన్ ఒక వైపు. ఫ్యాక్టరీలో తయారయ్యే ట్రమడాల్, టపెంటడాల్, పెంటజోసిన్ ఇంజెక్షన్, ఫెంటనిల్ ఇంకో వైపు. కొన్ని దగ్గు సిరప్పుల్లో కోడీన్ ఉంటుంది. గంజాయి, నిద్రమాత్రలు, సారా ఈ కుటుంబంలోవి కావు. వాటి చికిత్స వేరు. అందుకే "మత్తు మాత్రలు వేసుకుంటున్నాడు" అని చెబితే డాక్టరుకు సగమే తెలిసినట్టు. స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి.

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో జనాభాలో 2 శాతం పైచిలుకు ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నట్టు తేలింది. అందులో మందుల షాపు సరుకు వాటా 0.96 శాతం. సమస్య ఎక్కువగా ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరూ ఉంది. ఇది పంజాబు గొడవ, మనకెందుకులే అనుకోవడానికి లేదు.

డాక్టరు రాసిచ్చిన మాత్రే కదా, అలవాటు ఎలా అవుతుంది?

నొప్పిని అణచడానికి ఒళ్లు తనంతట తాను కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. ఓపియాయిడ్ మాత్ర వాటి కుర్చీలోనే, వాటికంటే గట్టిగా కూర్చుంటుంది. వారాల తరబడి రోజూ వేసుకుంటే మెదడు దానికి సర్దుకుపోతుంది: నిన్న ఒక మాత్రకు తగ్గిన నొప్పి ఈరోజు రెండింటికి గానీ తగ్గదు. మరోపక్క, మాత్ర ఎప్పుడూ అణిచిపెడుతున్న, ఒంటిని ఉరకలెత్తించే రసాయనమైన నార్‌అడ్రినలిన్‌ని మెదడు లోలోపల ఎక్కువగా తయారు చేసుకుంటూ పోతుంది. మాత్ర ఆగగానే ఆ ఒత్తిడంతా ఒక్కసారి బయటపడుతుంది. చెమటలు, గుండెదడ, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం అన్నీ దాని పనే.

ఇంతవరకూ ఎవరికైనా జరుగుతుంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడే పెద్దమనిషికీ జరుగుతుంది, అది వ్యసనం కాదు. నొప్పి లేకపోయినా వేసుకోవడం, మానదామనుకుని మానలేకపోవడం, దాని కోసం అబద్ధాలు, అప్పులు, పనికి ఎగనామం పెట్టడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆగకపోవడం తోడైతే అప్పుడు వ్యసనం. అది జబ్బు. సిగ్గులేనితనం అని పేరు పెట్టి ఎవరికీ నయం కాలేదు.

ఇంట్లో మనిషికి అలవాటైందని ఎలా కనిపెట్టాలి?

కంటిపాప చూడండి. వెలుతురు తక్కువున్న గదిలో కూడా ఆవగింజంత చిన్నదిగా ఉంటే మందు ఒంట్లో ఉన్నట్టు. అదే మనిషికి ఇంకో పూట పాప పెద్దదై, ముక్కు కారుతూ, ఆవలింతలు ఆగకుండా వస్తుంటే మందు దిగిపోతున్నట్టు. జలుబు లేకుండా రోజూ ఒకే వేళకు "జలుబు" చేయడం మంచి ఆనవాలు. మలబద్ధకం, కూర్చున్నచోటే తూగడం, గోక్కోవడం, బండి డిక్కీలోనో బీరువా మీదనో ఖాళీ స్ట్రిప్పులు, నాలుగైదు వేర్వేరు మెడికల్ షాపుల బిల్లులు కూడా చూడాలి.

మూత్రం పరీక్ష కిట్టు కొని ఇంట్లో చేసేవాళ్లకు ఒక మాట. మామూలు మార్ఫిన్ స్ట్రిప్పు ట్రమడాల్‌ని, టపెంటడాల్‌ని, ఫెంటనిల్‌ని పట్టుకోదు. గీత నెగెటివ్ వచ్చిందని అంతా బాగుందనుకోవద్దు.

రోజుకు 20 మాత్రలు వేసుకుంటున్నారు. అంత ప్రమాదమా?

లెక్క వేద్దాం. ఎక్కువగా దొరికే ఒక రకం మాత్రలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇరవై వేసుకుంటే ట్రమడాల్ 750 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజు గరిష్ఠ మోతాదు 400. అది దాటితే మూర్ఛ వచ్చే ముప్పు పెరుగుతూ పోతుంది, ఇంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ రాని మనిషికి కూడా. పారాసెటమాల్ 6,500 మిల్లీగ్రాములు అవుతుంది. 4,000 దాటితే కాలేయానికి దెబ్బ, సారా తాగేవాళ్లకు ఇంకా ముందే. మూర్ఛ వెంటనే కనిపిస్తుంది, భయపెడుతుంది. కాలేయం మాత్రం చప్పుడు లేకుండా పాడవుతుంది. ఇలాంటివాళ్లకు తొలి ఓపీలోనే కాలేయ పరీక్ష రాయమని అడగండి.

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలు, ఇనుపముక్క పెట్టడం, నోట్లో గుడ్డ కుక్కడం మానండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

మానేస్తే ఏమవుతుంది? ఎన్ని రోజులు?

హెరాయిన్ లాంటి త్వరగా దిగిపోయే మందైతే ఆఖరి మోతాదు తర్వాత 8 నుంచి 12 గంటల్లో మొదలవుతుంది. ట్రమడాల్‌కు సాధారణంగా 12 నుంచి 24 గంటలు.

మొదటి రోజు ఆవలింతలు, కళ్లవెంట ముక్కువెంట నీళ్లు, చెమట, చిరాకు. కూర్చోలేరు, పడుకోలేరు. రెండో రోజు, మూడో రోజు అసలు గడ్డుకాలం: ఎముకల్లోంచి పీకుతున్నట్టు నొప్పులు, కాళ్లు తన్నుకోవడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఒకసారి చలి ఒకసారి వేడి, కడుపులో మెలిపెట్టి వాంతులు, నీళ్ల విరేచనాలు. 36 నుంచి 72 గంటల మధ్య ఇది శిఖరానికి చేరుతుంది. నాలుగో రోజు నుంచి దిగుముఖం. వారం, పది రోజులకు ఒంటి బాధలు చాలావరకు సద్దుమణుగుతాయి. నిద్ర మాత్రం అంత తొందరగా రాదు. నీరసం, దేని మీదా మనసు నిలవకపోవడం, ఉన్నట్టుండి మాత్ర గుర్తుకొచ్చి ప్రాణం లాగడం వారాలు, కొందరికి నెలలు ఉంటాయి.

ట్రమడాల్‌కు ఒక తిరకాసు ఉంది. అది ఓపియాయిడ్ పనితోపాటు మనోవ్యాకులతకు ఇచ్చే మందుల పని కూడా చేస్తుంది. అందుకని మానేసినప్పుడు కొందరిలో మామూలు లక్షణాలతోపాటు విపరీతమైన భయం, ఎవరో వెంటపడుతున్నారనే అనుమానం, లేనివి కనిపించడం, చేతులు కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారడం వస్తాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని దర్గాకో గుడికో తీసుకెళ్తుంటారు. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు, ముందు ఆసుపత్రి.

ఆ బాధకు ప్రాణం పోతుందా?

ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషికి ఓపియాయిడ్ ఒక్కటే మానితే సాధారణంగా పోదు. చచ్చిపోతున్నట్టు మాత్రం ఉంటుంది. ప్రమాదమంతా వాంతులు, విరేచనాలతో నీరు పోయి ఒళ్లు ఎండిపోవడంలో ఉంది. మన ఏప్రిల్, మే ఎండల్లో మరీ. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. చిక్కగా కలిపితే విరేచనాలు పెరుగుతాయి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, రాగి అంబలి, గంజి గుటక గుటకగా పట్టండి. ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా సెలైన్ అవసరం. ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు.

నాలుగు రోజులు గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మానిపోదా?

ఒంట్లోంచి మందు పోతుంది. అలవాటు పోదు. పైగా అప్పటివరకూ ఒళ్లు అలవాటుపడిన పెద్ద మోతాదును తట్టుకునే శక్తి ఆ నాలుగు రోజుల్లోనే పడిపోవడం మొదలవుతుంది. తలుపు తీశాక ఆ మనిషి పాత లెక్క ప్రకారమే వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఓపియాయిడ్‌తో చావు ముప్పు మానే రోజుల్లో కంటే, మానిన తర్వాతి వారాల్లో ఎక్కువ. డీఅడిక్షన్ సెంటరు నుంచో జైలు నుంచో బయటికొచ్చిన కొత్తలో ముప్పు మరీ ఎక్కువ. పది రోజుల డీటాక్స్ (ఒంట్లోంచి మందును వదిలించే తొలి చికిత్స) చేయించి "బాగుపడ్డాడు, ఇంటికి తీసుకుపోతాం" అనే కుటుంబాలకు ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలు అనిపిస్తుంది.

మాత్రలతోపాటు కల్లు, నిద్రమాత్రలు కూడా ఉన్నాయి. తేడా ఉందా?

చాలా ఉంది. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమందులు కలుపుతారు. వీటిని గానీ, సారాను గానీ ఉన్నపళంగా మానితే ఫిట్స్, మతిస్థిమితం తప్పి పిచ్చిపిచ్చిగా మాట్లాడటం, చేతులు వణకడం వస్తాయి. దీనికి ప్రాణం పోతుంది. అందుకే రెండూ కలిసి ఉన్నవాళ్లకు ఇంట్లో డీటాక్స్ పనికిరాదు, ఆసుపత్రిలో చేర్చాల్సిందే. కల్లు సంగతి సిగ్గుపడి దాచిపెడితే డాక్టరు సగం వైద్యమే చేయగలుగుతారు.

ఇంకా చేర్చి చేయాల్సినవాళ్లు: ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భిణులు, గుండె, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, చచ్చిపోతానంటున్నవాళ్లు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్లు. మిగతావాళ్లకు ఓపీలో చూపించుకుంటూ ఇంటి దగ్గరే చేయవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

కర్నూలు, అనంతపురం, కడపల్లో వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి. ఉదయమే చీటీ రాయించుకోవాలి. మధ్యాహ్నం వెళ్లి ఎవరూ లేరని తిట్టుకుని లాభం లేదు. కేసు చిక్కుగా ఉంటే అనంతపురం నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్స విభాగం, కర్నూలు నుంచి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల రెండూ బస్సు దూరమే. ఎక్కడికెళ్లాలో తేలకపోతే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

తీసుకెళ్లాల్సినవి: ఆధార్, పాత చీటీలు, వాడుతున్న ప్రతి మందు ఖాళీ స్ట్రిప్పు. ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఏ మందు, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లుగా, ఆఖరుసారి ఎన్ని గంటలకు. ఆ నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో కింద చూడండి. సూది వాడిన మనిషైతే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు అదే ఆసుపత్రిలో ఉచితంగా చేయించండి. హెపటైటిస్ సి ఇప్పుడు సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమయ్యే జబ్బు, ప్రభుత్వ కార్యక్రమం కింద మందులు ఉచితం.

డీటాక్స్‌లో అసలు ఏం చేస్తారు?

రెండు దారులున్నాయి. ఒకటి, బాధలకు విడివిడిగా మందులు: నార్‌అడ్రినలిన్ పొంగును అణచడానికి క్లోనిడిన్ 0.1 మిల్లీగ్రాము చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు, నొప్పులకు, వాంతులకు, విరేచనాలకు వేరే వేరే. క్లోనిడిన్ బీపీని పడేస్తుంది, కాబట్టి ప్రతి మోతాదుకు ముందు బీపీ చూడాలి. 90/60 కంటే తక్కువుంటే ఆ పూట ఆపుతారు. పడుకున్న మనిషి దిగ్గున లేవకూడదు: ముందు కూర్చుని, నిమిషం ఆగి, అప్పుడు నిలబడాలి. బాత్రూమ్‌లో పడి తల పగలగొట్టుకునేది ఇక్కడే. విరేచనాల మాత్ర లోపరమైడ్ కూడా ఓపియాయిడ్ కుటుంబంలోదే. చెప్పిన లెక్క దాటి గుప్పెళ్లతో మింగితే గుండె లయ తప్పుతుంది.

రెండో దారి బుప్రెనార్ఫిన్. ఇదే మెరుగైనది. బాధ తగ్గించడమే కాదు, ఆ తర్వాత నెలల తరబడి మనిషిని చికిత్సలో నిలబెట్టే మందు ఇదే.

బుప్రెనార్ఫిన్ ఎప్పుడు, ఎలా వేసుకోవాలి?

చాలామంది దగ్గర చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చెబుతాం.

బుప్రెనార్ఫిన్ పైన చెప్పిన ఆ మెదడు కుర్చీకి అన్నిటికంటే గట్టిగా అతుక్కుంటుంది, కానీ సగం బలంతోనే పని చేస్తుంది. ఒంట్లో ఇంకా ట్రమడాల్, హెరాయిన్ ఉండగా వేసుకుంటే వాటిని తోసేసి తాను కూర్చుంటుంది, నిండు బలం ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. రెండు రోజుల్లో రావాల్సిన బాధంతా అరగంటలో మీద పడుతుంది. "ఆ మాత్రతో చచ్చిపోయేవాణ్ణి, ఇక ముట్టను" అనేవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే. మందు తప్పు కాదు, వేళ తప్పు. త్వరగా దిగే ఓపియాయిడ్ అయితే ఆఖరి మోతాదు తర్వాత కనీసం 12 గంటలు, నిదానంగా దిగేదైతే 24 గంటలు, చాలాసేపు ఒంట్లో నిలిచే మెథడోన్ అనే ఓపియాయిడ్ అయితే ఇంకా ఎక్కువ ఆగాలి. గడియారం ఒక్కటే చాలదు; డాక్టరు నాడి, చెమట, కంటిపాప, ఆవలింతలు లాంటి 11 అంశాలకు మార్కులు వేసి చూస్తారు. ఆ మొత్తం 8 నుంచి 12 దాటాక, అంటే బాధ కంటికి కనిపించేంత మొదలయ్యాకే తొలి మాత్ర. ఆఖరి మోతాదు వేళ గురించి అబద్ధం చెబితే అనుభవించేది రోగే.

మొదట 2 మిల్లీగ్రాములు, గంటా రెండు గంటలు చూసి ఇంకో 2. తొలి రోజు మామూలుగా 8 దాటించరు. రెండు మూడు రోజుల్లో బాధ, తపన రెండూ తగ్గే మోతాదు దగ్గర నిలుపుతారు. హెరాయిన్ వాడినవాళ్లకు అది తరచుగా 8 నుంచి 16 మధ్య ఉంటుంది. ట్రమడాల్ మాత్రల మీదే ఉన్నవాళ్లకు తక్కువతోనే సరిపోతుంటుంది.

ఇది మింగే మాత్ర కాదు. మింగితే కాలేయం చాలావరకు నాశనం చేస్తుంది, డబ్బు దండగ. నోరు పుక్కిలించి, గుట్కా, ఖైనీ ఉంటే ఉమ్మేసి, నోరు ఎండిపోయి ఉంటే గుక్కెడు నీళ్లతో తడిపి, మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి. 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు, బీడీ కాల్చకూడదు. పూర్తిగా కరిగాక గుక్కెడు నీళ్లు నోట్లో తిప్పి మింగండి. పళ్లు గంట ఆగి తోముకోండి, వెంటనే తోమితే పంటి పైపొర దెబ్బతింటుంది.

మన దగ్గర వచ్చే మాత్రలో బుప్రెనార్ఫిన్‌తో ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలోక్సోన్ కలిపి ఉంటుంది, నాలుగింట ఒక వంతు: 2కి 0.5. నాలుక కింద పెడితే నాలోక్సోన్ దాదాపు ఒంటికి పట్టదు. నూరి సూదితో ఎక్కిస్తే మాత్రం బాధలు తన్నుకొస్తాయి. అలా వాడకుండా పెట్టిన తాళం అది. మాత్రల్ని బీరువాలో తాళం వేసి ఉంచండి. పెద్దవాళ్లకు చిన్న మోతాదైన ఆ ఒక్క మాత్ర పసిబిడ్డ ఊపిరి ఆపేయగలదు.

ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చినట్టే కదా?

కాదు. సరైన మోతాదులో వేసుకున్న మనిషికి ఎక్కదు. ఒక స్థాయి దాటాక ఎంత వేసుకున్నా ప్రభావం పెరగదు, ఆ పైకప్పు ఉండటం వల్లే మిగతా ఓపియాయిడ్ల కంటే ఊపిరి ఆగే ముప్పు తక్కువ. అయితే దానితోపాటు సారా, ఆల్ప్రజోలామ్ పడితే ఆ రక్షణ పోతుంది. రోజుకు నాలుగుసార్లు మాత్ర కోసం పరుగెత్తే మనిషి, పొద్దున ఒక మాత్ర వేసుకుని పనికెళ్లి సాయంత్రం జీతంతో ఇంటికొస్తున్నాడంటే తేడా ఇంట్లోవాళ్లకే కనిపిస్తుంది. షుగర్ మనిషి రోజూ ఇన్సులిన్ వేసుకుంటే వ్యసనపరుడని ఎవరూ అనరు.

ఎంతకాలం వాడాలి?

కనీసం ఏడాది అనుకుని మొదలుపెట్టండి. కొందరికి మూడేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ. తగ్గించేటప్పుడు వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా. మూడో నెలలో "బాగానే ఉన్నా కదా" అని పండక్కి ఊరెళ్లినప్పుడు మాత్రలు మరిచిపోవడం, అక్కడే పాత స్నేహితుడు కలవడం మామూలుగా జరిగే కథ. ఊరెళ్లేముందు ఎన్ని రోజులకు మాత్రలు కావాలో ఆసుపత్రిలో ముందే చెప్పండి. ఇది మామూలు మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే మందు కాదు.

నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర కూడా ఉందంటారు?

ఉంది, రోజుకు 50 మిల్లీగ్రాములు. కుర్చీని పూర్తిగా మూసేస్తుంది, పైన ఏది వేసుకున్నా ఎక్కదు. కానీ 7 నుంచి 10 రోజులు ఒంట్లో ఏ ఓపియాయిడ్ లేకుండా ఉన్నాకే మొదలుపెట్టాలి. బుప్రెనార్ఫిన్ తగ్గించినంతగా ఇది తపనను తగ్గించదు, కాబట్టి ఎవరో ఎదురుగా నిలబడి వేయించకపోతే నాలుగో రోజుకే ఆగిపోతుంది.

టీలో కలిపిస్తే మానిపించే పొడి అని బస్సుల మీద అంటిస్తుంటారు. వాడొచ్చా?

వద్దు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలిసి ఉండకపోవచ్చు. మనిషికి తెలియకుండా ఏ మందు కలిపినా, అది నాల్‌ట్రెక్సోన్ లాంటిదైతే ఒక్కసారిగా బాధలు తెప్పించి ఆసుపత్రి పాలు చేస్తుంది. ఇంట్లో పెట్టిన టీ మీద నమ్మకం పోతే ఆ తర్వాత అసలు చికిత్సకు ఒప్పించడం రెండింతల కష్టం.

మోతాదు ఎక్కువై పడిపోతే?

మూడు గుర్తులు: పిలిచినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా లేవకపోవడం, ఊపిరి నిమిషానికి పదిలోపు, గురకలా గరగరలాడటం, కంటిపాప ఆవగింజంత. పెదాలు నీలంగా మారతాయి.

108కి ఫోన్ చేయండి. "ఊపిరి ఆడట్లేదు" అని చెప్పండి, ఏ మందో తెలిస్తే పేరు చెప్పండి. ఊపిరి ఆగుతుంటే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదు సెకన్లకు ఒకసారి నోటితో గాలి ఊదండి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా. నిమ్మరసం, పుల్ల మజ్జిగ నోట్లో పోయడం మన దగ్గర బాగా అలవాటు. స్పృహ లేని మనిషికి అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బకెట్ నీళ్లు కుమ్మరించడం, నడిపించడం కూడా కాలహరణమే.

ఆసుపత్రిలో నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తారు, నిమిషాల్లో కళ్లు తెరుస్తారు. దాని బలం 30 నుంచి 90 నిమిషాలే. లోపలున్న మందు అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి లేచి కూర్చున్నాడని వెంటనే ఇంటికి తీసుకుపోవద్దు, మళ్లీ పడిపోతాడు.

ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందా?

చికిత్సకు వచ్చిన మనిషి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇప్పటికే వాడకం, కొద్ది మోతాదు కేసులో ఇరుక్కున్నవాళ్లకు 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ఒక దారి ఇస్తుంది: తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవాడికి ఇది వర్తించదు. ఉచిత న్యాయ సలహాకు 15100.

ట్రమడాల్ 2018 నుంచి ఇదే చట్టం కిందికి వచ్చింది. చీటీ లేకుండా అమ్మడం నేరం. చీటీ మీద అమ్మినా షాపు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా పిల్లలకు అమ్ముతున్న చోటు తెలిస్తే మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ నంబరు 1972.

ఒప్పుకోకపోతే బలవంతంగా చేర్పించవచ్చా?

అదే 2017 చట్టంలో 89వ సెక్షన్ కింద, ప్రాణానికి ముప్పు లాంటి స్థితుల్లో, రోగి తరఫున నిలిచే ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. వ్యానులో నలుగురొచ్చి ఎత్తుకుపోయే "సర్వీసు" చట్టంలో ఎక్కడా లేదు.

ప్రైవేటు సెంటర్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

డబ్బు కట్టకముందు అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? సైకియాట్రిస్టు వారంలో ఏ రోజుల్లో వస్తారు? బుప్రెనార్ఫిన్ ఇస్తారా? రాత్రిపూట ఫిట్స్ వస్తే ఎవరుంటారు? ఇంటివాళ్లు ఏ రోజైనా వచ్చి చూడొచ్చా? డిశ్చార్జి తర్వాత ఎవరు చూస్తారు? ఆఖరి ప్రశ్నకు జవాబు లేని చోట మిగతా జవాబులు ఎంత తియ్యగా ఉన్నా చేర్పించవద్దు. గొలుసుతో కట్టడం చట్టప్రకారం నిషేధం. గ్యారంటీ ఇస్తామన్నవాడి దగ్గర చెప్పులు వేసుకుని వచ్చేయండి.

గర్భంతో ఉంది. ఏం చేయాలి?

ఉన్నపళంగా మానకూడదు, గర్భానికి ముప్పు. కాన్పుల డాక్టరు, మానసిక వైద్యులు కలిసి బుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ మీద నడిపిస్తారు. బిడ్డకు పుట్టిన తొలి రోజుల్లో కొన్ని లక్షణాలు రావచ్చు, వాటికి వైద్యం ఉంది. కాన్పు ప్రభుత్వాసుపత్రిలోనే పెట్టుకుని సంగతి ముందే చెప్పండి.

గసగసాలు కూడా నల్లమందు చెట్టువే కదా?

అవును, గింజలే. మటన్ మసాలాలో వేసే చెంచాడు గసగసాలకు వ్యసనం రాదు. కానీ గసగసాల పాయసం తిన్న మర్నాడు మూత్రం పరీక్షలో మార్ఫిన్ గీత కనిపించవచ్చు. చికిత్సలో ఉన్నన్నాళ్లూ మానేస్తే అనవసరపు అనుమానాలు ఉండవు.

అసలు నడుము నొప్పి అలాగే ఉంది. దానికేం చేయాలి?

దాన్ని వదిలేసి డీటాక్స్ చేస్తే మనిషి మళ్లీ అదే షాపుకు వెళ్తాడు. ఇంకో విచిత్రం: ఏళ్ల తరబడి ఓపియాయిడ్ వాడితే నరాలు నొప్పికి మరీ సున్నితమవుతాయి, మానిన కొన్ని వారాలకు నొప్పి తగ్గినవాళ్లు చాలామంది. ఫిజియోథెరపీ, డాక్టరు లెక్కలో పారాసెటమాల్, పైపూత, మగ్గం దగ్గరైతే గంటకోసారి లేచి నడవడం. ఫ్లోరైడ్ నీళ్ల ఊరైతే ఎముకల పరీక్ష కూడా అడగండి. కిడ్నీలో రాయి కదిలి రాత్రిపూట క్యాజువాలిటీకి వెళ్లాల్సి వస్తే "ఓపియాయిడ్ అలవాటుకు చికిత్సలో ఉన్నాను, బుప్రెనార్ఫిన్ వాడుతున్నాను" అని ముందే చెప్పండి. ఆపరేషన్ ఉన్నా బుప్రెనార్ఫిన్ మీ అంతట మీరు ఆపొద్దు. నాల్‌ట్రెక్సోన్ అయితే ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది.

ఆర్నెల్లు బాగుండి మళ్లీ వేసుకున్నాడు. అంతా మొదటికి వచ్చినట్టేనా?

కాదు. ఆ రాత్రి గొడవ పెట్టుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు, ఊపిరి గమనించండి. పాత లెక్కలో వేసుకుంటే ఈసారి ఒళ్లు తట్టుకోదని ఆ మనిషికి తెలియాలి, మీరు చెప్పాలి. తెల్లారి ఓపీకి తీసుకెళ్లండి: ఏది, ఎన్ని, ఎన్ని గంటలకు. బుప్రెనార్ఫిన్ ఎన్ని రోజులు తప్పిందో లెక్కపెట్టుకుని వెళ్లండి, మోతాదు ఎక్కడ మళ్లీ మొదలుపెట్టాలో దాన్నిబట్టే తేలుస్తారు.

జీతం డబ్బు చేతికివ్వాలా వద్దా?

మొదటి రెండు మూడు నెలలు, ఆయన ఒప్పుకుంటేనే, ఇంట్లో ఒకరు చూసుకోవడం మంచిది. దారి ఖర్చుకు, టీకి రోజుకింత. ఫోన్‌పే మాత్రం మరిచిపోకండి. జేబు ఖాళీగా ఉన్నా ఫోన్లో డబ్బు ఉంటుంది.

డ్రైవింగ్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

మోతాదు కుదురుకునేదాకా వద్దు, మార్చినప్పుడల్లా కొన్నాళ్లు వద్దు. ట్రమడాల్‌తో ఫిట్స్ వచ్చిన డ్రైవరైతే డాక్టరు రాతపూర్వకంగా సరేననేదాకా స్టీరింగ్ ముట్టకూడదు. యజమానికి ఏం చెప్పాలో తెలియక మధ్యలోనే బండెక్కేస్తుంటారు. "నడుముకు వైద్యం జరుగుతోంది, కొన్నాళ్లు క్లీనర్ పనో లోడింగ్ లెక్కలో చూస్తాను" అంటే చాలు, అదేమీ అబద్ధం కాదు.